ప్రాస అంటే రైమ్ కాదు



మీటింగ్‌కి వచ్చినప్పుడు తెలుగు గురించి మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "అలంకారాలు, ఛందస్సులో మార్కులు పోతున్నాయి, ఏ గైడ్ కొనమంటారు?" ఏదీ కొనవద్దనే నా సలహా. ఉపమాలంకారం నిర్వచనం మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పుస్తకంలో లేని వాక్యం ఒకటి ఇచ్చి, ఇందులో దేన్ని దేనితో పోల్చారో చెప్పమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తేలిగ్గా ఉంటుందని ప్రతి తెలుగు మాటకూ ఒక ఇంగ్లీషు మాట జోడించి చెబుతుంటాం. ఉపమ అంటే సిమిలీ, రూపకం అంటే మెటఫర్. ఇంతవరకు ఫరవాలేదు. ప్రాస అంటే రైమ్ అనేసరికి బండి పట్టాలు తప్పుతుంది. రైమ్ వినిపించేది పాదం చివర. దాన్ని మనవాళ్లు అంత్యప్రాస అన్నారు. పద్యంలో ప్రాస ఉండేది పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర. అన్ని పాదాల్లోనూ ఆ చోట అదే హల్లు రావాలి. సుమతీ శతకంలోవి కంద పద్యాలు కనుక ప్రాస తప్పనిసరి. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులు, వాటికి ఆ నియమం లేదు. రెండు శతకాలూ మీ ఇంట్లో ఉండే ఉంటాయి. చెరొక పద్యం పక్కపక్కన పెట్టి, ప్రతి పాదంలో రెండో అక్షరం కింద గీత గీయమనండి. ఐదు నిమిషాల పని. ఆ తేడా ఒకసారి కంటపడితే పిల్లలు మళ్లీ మరిచిపోరు.

యతిని ఎలిటరేషన్ అనడమూ ఇలాంటిదే. దానికి దగ్గరి చుట్టం వృత్త్యనుప్రాస. యతి చోటు ముందే నిర్ణయమై ఉంటుంది: పాదం మొదటి అక్షరంతో ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం జత కుదరాలి. ఈ అంకెలను పిల్లలు ఫోన్ నంబర్లలా బట్టీ పడుతున్నారు. పద్యాన్ని నాలుగుసార్లు గొంతెత్తి చదివిస్తే ఆ జత చెవికే తెలుస్తుంది.

"మా ఇంట్లో తెలుగు మాట్లాడం, మేమేం సాయం చేస్తాం?" అనే తల్లిదండ్రులూ మన మెట్టుగూడలో ఉన్నారు. రైల్వే ఉద్యోగాల వల్ల ఎన్నో భాషల కుటుంబాలు స్థిరపడ్డ చోటు ఇది. తమిళ ఇళ్లలో అమ్మమ్మను అడగండి. రెండో అక్షరం కలవడాన్ని తమిళంలో ఎదుగై అంటారు, అది మన ప్రాసకు తోబుట్టువే. హిందీ చదివినవారికి ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, యమకం అదే పేర్లతో తెలుసు.

అలంకారాలకైతే పద్యం దాకా కూడా వెళ్లనక్కరలేదు. గూడ్సు బండిని చూడని పిల్లలు మన పేటలో లేరు. "గూడ్సు బండి కొండచిలువలా మలుపు తిరిగింది" అంటే ఉపమ. గూడ్సు బండి ఉపమేయం, కొండచిలువ ఉపమానం, మలుపు తిరగడం సమానధర్మం, "లా" అన్నది ఉపమావాచకం. "ఆ వచ్చేది కొండచిలువేమో!" అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. "గూడ్సు బండి అనే కొండచిలువ" అని రెంటినీ ఒకటి చేస్తే రూపకం. "అది బండి కాదు, కొండచిలువ" అంటే అపహ్నుతి. పోలిక ఒకటే, చెప్పే తీరును బట్టి పేరు మారింది. ఇక "నీకు లక్షసార్లు చెప్పాను" అని మనం రోజూ వాడేది అతిశయోక్తి! (బడుల హోర్డింగుల మీద కనిపించే "జ్ఞానజ్యోతి" రూపకమే. అరిగిపోయిన రూపకం, అది వేరే సంగతి.)

ఇదంతా బిట్ పేపర్‌లో రెండు మార్కుల కోసం చెప్పడం లేదు. 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణలో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులతో సహా 1 నుంచి 10 వరకు తెలుగు బోధన తప్పనిసరి అయింది. ఆ తర్వాత? ఇంటర్‌లో మార్కుల లెక్క చూసుకుని చాలామంది సంస్కృతం వైపు వెళ్తున్నారు. అంటే మీ అబ్బాయో అమ్మాయో తెలుగు పద్యం ముందు కూర్చునే చివరి సంవత్సరం బహుశా పదో తరగతే. ఆ ఏడాదిని గణవిభజన టేబుల్‌కీ గైడుకీ వదిలేయడం నాకు ఇష్టం లేదు. నిర్వచనం అక్కరలేదని కాదు, అది చివర రావాలి. ముందు పద్యం వినాలి, తర్వాత చదవాలి, ఆ తర్వాత "ఇక్కడ ఏదో జరిగింది" అని పిల్లలే పట్టుకోవాలి. పేరు అప్పుడు చెబితే చాలు.

ఈసారి మీటింగ్‌కి వచ్చినప్పుడు తెలుగు మార్కుల షీట్ చూశాక ఒక్క నిమిషం ఆగండి. మీ పిల్లల చేత మీ ఎదుటే ఒక కంద పద్యం చదివిస్తాం. ప్రాస ఎక్కడుందో మీరే అడగండి.