విలన్ కూడా ఒక అభిమానే!

సినిమా చూసొచ్చిన పిల్లలు హీరో గురించి మాట్లాడుకునే రోజులు పోయాయి. ఇప్పుడు వాళ్ళ చర్చంతా విలన్ గురించే. 'హీరో సంగతి సరే, విలన్ ఎలా ఉన్నాడు?' అన్నదే మొదటి ప్రశ్న. మీ ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే ఈ విషయం నేను చెప్పక్కర్లేదు. జోకర్, థానోస్ లాంటి హాలీవుడ్ విలన్ల పేర్లు మనకి నోరు తిరక్కపోయినా వాళ్ళకి కంఠతా వచ్చు. 'ఆ గోలంతా మనకెందుకులే' అనుకుని మనం వంటింట్లోకి వెళ్ళిపోతాం. అలా వెళ్ళిపోకూడదనే నేనంటాను.

2025 సెప్టెంబర్‌లో 'మిరాయ్' వచ్చినప్పుడు మా అక్క పిల్లలూ, వీధిలో పిల్లలూ కలిసి ఈపురుపాలెం నుంచి చీరాల వెళ్ళి చూసొచ్చారు. ఆ సాయంత్రం మా వసారాలో పెద్ద పంచాయితీ! ఇందులో మహాబీర్ లామాగా వేసిన మంచు మనోజ్ గొప్ప విలనా, లేక 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'లో మైఖేల్‌గా వేసిన వినయ్ రాయ్ గొప్ప విలనా? నేను మగ్గానికి కండెలు చుట్టుకుంటూ వింటూనే ఉన్నాను.

"మైఖేల్ ఏం విలన్ పిన్నీ, తేలిపోయాడు! ఆ సూటు తీసేస్తే వాడి దగ్గరేముంది? మహాబీర్‌కైతే ఆ చూపే చాలు" అన్నాడు మా అక్క కొడుకు. మిగతావాళ్ళూ చేతులెత్తేశారు. నా ఓటు మాత్రం మైఖేల్‌కే పడింది. ఎందుకో చెబుతాను.

ప్రశాంత్ వర్మ తీసిన 'హనుమాన్'లో మైఖేల్ చిన్నప్పటినుంచీ సూపర్ హీరోల వీరాభిమాని. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, స్పైడర్‌మాన్... వీళ్ళ కథలన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. ముగ్గురూ కన్నవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళే. దాన్నుంచి ఆ పిల్లాడు నేర్చుకున్నదేమిటో తెలుసా? తను హీరో కావాలంటే తనకీ అమ్మానాన్నలు ఉండకూడదని! అంతే, ఇద్దర్నీ పొట్టన పెట్టుకున్నాడు.

పిల్లలకి అది కథ మొదట్లో వచ్చే ఓ చిన్న ముక్క. కన్నతల్లికి మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. ఈ విలన్ పాతాళంలోంచి రాలేదు, మంత్రాలు నేర్వలేదు. మన పిల్లల్లాగే హీరోల కథలు చూసి చప్పట్లు కొట్టిన అభిమాని. కాకపోతే హీరోలో బలాన్నే చూశాడు. ఆ బలం ఎవరి కోసమో చూళ్ళేదు. 'అది కూడా చూడరా నాయనా' అని పక్కన కూచుని చెప్పినవాళ్ళూ లేరు.

మరి హీరో హనుమంతు పుట్టు మహనీయుడా? కాదే! చిన్నాచితకా దొంగతనాలు చేస్తూ ఊరిమీద తిరిగే కుర్రాడు. అతనికీ తల్లిదండ్రులు లేరు. ఒకడికి లేకుండా పోయారు, ఇంకొకడు లేకుండా చేసుకున్నాడు. హనుమంతుకి మహిమ గల మణి దొరికింది అనుకోకుండా. దొరికిన బలం తలకెక్కకుండా కాపాడింది మాత్రం వాళ్ళక్క అంజమ్మ. వరలక్ష్మీ శరత్‌కుమార్ వేసిన పాత్ర అది. తమ్ముడు ఓ దారిన పడేదాకా తన పెళ్ళి మాట కూడా పక్కన పెట్టిన మనిషి.

అదే సినిమాలో ఇంకో విలన్ కూడా ఉన్నాడు. పాలెగాడు గజపతి. వసారా పంచాయితీలో అతని పేరు ఒక్కరూ ఎత్తలేదు. అతనికి సూటు లేదు, యంత్రాల్లేవు. ఊరి భయమే అతని బలం. ఆ ఊరికొచ్చిన డాక్టరమ్మాయి మీనాక్షి 'ఇదేం అన్యాయం' అని నిలదీస్తుంది. నిలదీసిన పాపానికి దారికాచి ఆమె మీద దాడి చేయిస్తాడు. ఆమెను కాపాడబోయి నీళ్ళల్లో పడ్డప్పుడే హనుమంతుకి ఆ మణి దొరుకుతుంది. అంటే ఆ సూపర్ హీరో కథంతా ఒక ఆడపిల్ల ధైర్యంగా వేసిన ప్రశ్నతోనే మొదలైంది! నోరెత్తిన ఆడదాని నోరు మూయించే గజపతుల్ని మనం ఎరగమా?

నా ఫిర్యాదు కూడా ఇక్కడే. పెళ్ళికూతురి ముస్తాబులోనే కొబ్బరికాయలతో రౌడీల భరతం పట్టిన అంజమ్మ చివరికి ప్రాణాలు పోగొట్టుకుంటుంది. దేనికి? తమ్ముడికి కోపం రావడానికి! 'మిరాయ్'లోనూ అంతే. లోకం కోసం కన్నబిడ్డని దూరం చేసుకున్న తల్లి అంబికగా శ్రియ కనిపిస్తుంది. హీరోని తయారుచేసేది ఆడవాళ్ళు, కథ నడవడానికి కనుమరుగయ్యేదీ ఆడవాళ్ళే. విలన్ ఎలా నడిచాడో, ఎలా నవ్వాడో గుర్తుపెట్టుకునే అభిమానులు అతని వల్ల ఏడ్చినవాళ్ళ పేర్లు మర్చిపోతారు.

విలన్ని మెచ్చుకోవడం తప్పని నేననను. మనం మాత్రం ఎస్వీ రంగారావుని మెచ్చుకోలేదూ? 1951లో 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడిగా పిల్లల్నీ పెద్దల్నీ ఒకేసారి భయపెట్టి నవ్వించాడు. 1963లో 'నర్తనశాల'లో కీచకుడి వేషానికైతే జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతే వచ్చింది. కానీ ఆ కీచకుణ్ణి చూస్తున్నంతసేపూ సైరంధ్రిగా సావిత్రి పడే భయం మన గుండెల్లో కొట్టుకుంటూనే ఉంటుంది. నటుడికి చప్పట్లు కొట్టాం, కీచకుడికి కాదు.

ఆ తేడా చెరిగిపోతే ఏమవుతుందో 2009లో 'అరుంధతి' వచ్చాక చూశాం. అందులో పశుపతి పరమ దుర్మార్గుడు. సోనూ సూద్ నటనకి రవిశంకర్ గొంతు తోడై ఆ పాత్ర ఎక్కడికో వెళ్ళిపోయింది. అరుంధతి అతన్ని అంతం చేస్తుంది, నిజమే. కానీ జనం నోళ్ళలో నానింది ఆమె మాట కాదు, ఆమెను వెంటాడుతూ అతనన్న మాట! చీరాల కాలేజీకి పోయే ఆడపిల్లల వెనక కుర్రాళ్ళు ఆ మాటే అరుస్తుంటే నేను చెవులారా విన్నాను. అన్నవాళ్ళకది జోకు. తలొంచుకుని గబగబా నడిచినవాళ్ళకి కాదు.

'సినిమాని సినిమాలా చూడాలి గానీ ఇంత రాద్ధాంతం దేనికి?' అనేవాళ్ళుంటారు. చూడమనే నేనూ అంటున్నాను, కాకపోతే మొత్తం చూడమంటున్నాను. పిల్లల్ని సినిమా మాననివ్వక్కర్లేదు, నీతులు చెప్పి విసిగించక్కర్లేదు. ఈసారి వాళ్ళు విలన్ గురించి గొప్పగా చెబుతున్నప్పుడు పనిచేసుకుంటూనే ఒక్క ప్రశ్న వెయ్యండి: "వాడి వల్ల ఎవరేడ్చార్రా? ఆవిడ పేరేమిటి?"

మా వాళ్ళని అడిగితే మొదట తెల్లమొహాలు వేశారు. కాసేపటికి మా అక్క చిన్న కూతురు "కొబ్బరికాయల అక్క... అంజమ్మ!" అంది. ఆ తర్వాత గంటసేపు మాటలన్నీ అంజమ్మ గురించే. ఆమెను చంపకుండా కథ నడపొచ్చా, ఆ మణి ఆమెకే దొరికితే ఏం చేసేది... ఎన్ని ఊహలో! పిల్లలకి ఆలోచన లేక కాదు, అడిగేవాళ్ళు లేక. శక్తి ఎవరికైనా దొరకొచ్చు. అది ఎవరి కోసమో చెప్పే అంజమ్మ మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండాలి. ఆ వేషం మనది కాదూ?