లొల్లి ఎవరికి లాభం? రిజిస్టర్ ఎవరి చేతిలో?



మున్సిపల్ మీటింగు అంటేనే లొల్లి అని పేరు పడిపోయింది. మైకులు గుంజుకోవడం, ఎజెండా కాగితాలు చింపి చైర్మన్ ముందట పడెయ్యడం, తెల్లారి పేపర్ల ఫొటో. చదివినోళ్లు "వీళ్లకు సభామర్యాద తెల్వదు" అంటరు. రిజర్వుడు వార్డు నుంచి గెలిచొచ్చిన మనోళ్ల గొంతు లేస్తే ఆ మాట ఇంకింత గట్టిగ అంటరు.

సభామర్యాద చెప్పేటోళ్ల చరిత్ర ఏంది? ఊర్ల పంచాయితి ఉన్నదని డప్పు కొట్టి సాటింపు చేసింది మాదిగాయన. పంచాయితి మొదలయ్యేటాలకు బయట చేతులు కట్టుకొని నిలబడ్డదీ ఆయనే. పటేలు, పట్వారీ గద్దెల మీద కూసుంటే ఆ సభ ఎంత క్రమంగా నడిచింది! చీమ చిటుక్కుమన్నా వినొచ్చేది. దాన్ని క్రమశిక్షణ అందామా?

పాత ముచ్చట అనుకోవద్దు. తమిళనాడు కడలూరు జిల్లా తెర్కుతిట్టై పంచాయతీకి అప్పుడు అధ్యక్షురాలుగ ఉన్నది దళిత మహిళ. మీటింగుల ఆమెను నేల మీద కూసోబెట్టి, మిగతా సభ్యులు కుర్చీలల్ల కూసున్నరు. 2020 అక్టోబరులో ఫొటో బయటికొస్తే గాని కేసు కాలేదు. ఆ ఫొటో చూస్తే అంతా పద్ధతిగనే కనబడతది.

మరి లొల్లే మన దారా? కాదంటున్న. నోరు మూయించే క్రమశిక్షణ వాళ్లది. మన మాట రిజిస్టర్లకు ఎక్కేదాక పట్టు విడవని క్రమశిక్షణ మనకు కావాలె. లొల్లి వల్ల మునిగేది మనమే.

ఎట్లనో చూడుండ్రి. ఎజెండాల ముప్పై అంశాలుంటయి. మొదటి అంశం మీదనే రెండు పార్టీలోళ్లు గంటసేపు తిట్టుకుంటరు. తిట్టుకునేటోళ్లు ఇద్దరూ బలిసినోళ్లే, సాయంత్రం ఒక్క దగ్గర చాయ్ తాగేటోళ్లే. ఆ గడబిడలనే "ఎజెండా మొత్తం ఆమోదం" అని బెల్లు కొడతరు. మినిట్స్ బుక్కుల ఏం రాస్తరు? "సభ్యులు చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించినారు." ఎవరో వెంచర్ల దిక్కు పోయే రోడ్డు ఆ ఏకగ్రీవంల గట్టెక్కుతది. మన వాడ మోరీ, మన బొందలగడ్డకు తొవ్వ అడిగిన మాట ఎక్కదు. అడగలేదని కాదు. లొల్లిల వినబడలేదు, వినబడ్డా రాయలేదు.

షాద్‌నగర్ల ఇది చిన్న సంగతి కాదు. ఫరూఖ్‌నగర్ గ్రామపంచాయతీగా ఉన్న ఊరు మున్సిపాలిటీ అయింది. 2016లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంగారెడ్డిల కలిసింది. బెంగుళూరు హైవే, రైలు, పక్కన కొత్తూరు ఫ్యాక్టరీలు. గుంట భూమికి గుంటే రేటు. ఇసొంటి చోట ఒక తీర్మానం విలువ ఎంతో రియల్ ఎస్టేటోళ్లను అడిగితే చెప్తరు. వాళ్లు మీటింగుకు రారు, లొల్లి చెయ్యరు. కాగితం మీదనే కన్ను పెడతరు.

"తీర్మానం ఉత్త కాగితమే గదా" అని మన పిల్లలు కొందరంటరు. మహద్ సంగతి తెల్వనోళ్లే ఆ మాట అంటరు. మహద్ మున్సిపాలిటీ చౌదార్ చెరువు అంటరానోళ్లకు కూడా తెరిచినట్టు 1924లో తీర్మానం చేసింది. మూడేండ్లు ఎవ్వరినీ తాగనియ్యలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ జనాన్ని వెంటేసుకొని చెరువుకు నడిచిండు, నీళ్లు తాగిండు. ఉత్తగ ఎగబడలేదు. ముందు సభ పెట్టిన్రు, తీర్మానాలు చేసిన్రు, తర్వాతనే నడిచిన్రు. వెనుక మనోళ్ల మీద దాడి జరిగితే తిరగబడొద్దని ఆపిందీ ఆయనే. అదే ఏడు ఆగస్టుల మున్సిపాలిటీ తన తీర్మానాన్ని రద్దు చేసుకున్నది. ఉత్త కాగితమే అయితే రద్దు చేసే అవసరం ఎందుకొచ్చింది? కోర్టుల కొట్లాడి కొట్లాడి 1937ల బొంబాయి హైకోర్టు దాక పోయి గెలిచినం.

లొల్లి అసలే లేని కాలం గూడ చూసినం. 2025 జనవరిల కౌన్సిళ్ల గడువు తీరి చాలా మున్సిపాలిటీలల్ల ప్రత్యేకాధికారులు వచ్చిన్రు. నిశ్శబ్దమే నిశ్శబ్దం, అడుగుదామంటే కౌన్సిలరే లేడు. కౌన్సిల్ లొల్లి చూసి "ఆఫీసరే నయం" అనేటోళ్లు ఇది ఆలోచించాలె.

ఇగ మన పని. మీటింగుకు ముందురోజు రాత్రి వాడల కూసోవాలె. పది కోరికలు కాదు, ఒక్కటే పట్టుకోవాలె. దాన్ని కాగితం మీద పెట్టి ఆఫీసుల ఇచ్చి ముట్టినట్టు రసీదు తీసుకోవాలె. ఎజెండాల పెట్టమని మన కౌన్సిలర్ వెంట పడాలె. మీటింగుల ఎవరెంత రెచ్చగొట్టినా ఆ కౌన్సిలర్ ఒక్క మాటే అడగాలె: "మా అంశం రాసిన్రా లేదా? ఒప్పుకోకపోతే నా అసమ్మతి రాయుండ్రి." మున్సిపాలిటీలల్ల సగం సీట్లు ఆడోళ్లవి. చాలా చోట్ల మొగడు వెనుక నుంచి అందిస్తే ఆమె సంతకం పెడుతున్నది. ఇది బందు కావాలె. జె. ఈశ్వరీబాయి సికింద్రాబాద్ చిలకలగూడ నుంచి కౌన్సిలర్‌గా మొదలుపెట్టి 1967ల అసెంబ్లీకి పోయింది. ఆమె మాట ఆమెనే మాట్లాడింది.

మీటింగు అయినంక మినిట్స్ నకలు అడగుండ్రి. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజులల్ల ఇయ్యాలె. తెల్లకార్డోళ్లకు ఫీజు లేదు.

ఊర్లల్ల ఉన్నోళ్లకు ఇంకొకటి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. అక్కడ హాజరు పేరు మీద ఖాళీ పేజీ కింద ముందే సంతకాలు, వేలిముద్రలు తీసుకొని, తీర్మానం తీరుబడిగ రాసుకునే అలవాటున్నది. తీర్మానం రాసి, మీ ముందట సదివి వినిపించినంకనే వేలు పెట్టుండ్రి. సదివేదాక లేవొద్దు.