పరిశోధనకు ముందు గురువును చదవాలి

బాలాపూర్ నుండి ఒక తల్లి మాకు లేఖ రాశారు. వారి అమ్మాయి ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. ముగించి, ఇప్పుడు పీహెచ్.డీ. చేస్తానంటోంది. “ఇంకా అయిదేళ్ల చదువా? ఎవరికి ఉపయోగం?” అని బంధువులు ప్రశ్నిస్తున్నారట.

సోదరీ! ఆ ప్రశ్నకు సమాధానం మన నగరంలోనే, తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థలో ఉంది. ఎయిడ్స్ చికిత్సకు 1987లో అమెరికా అనుమతించిన తొలి ఔషధం ఏజడ్‌టీ. దాని ధర పేదలకు అందనిది. ఆ పదార్థం 1964లోనే తయారైంది. లోపించినది చౌకగా తయారుచేసే మార్గం. సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్ కోరగా, నాటి ఐఐసీటీ సంచాలకులు ఎ.వి. రామారావు బృందం ఆ మార్గాన్ని రూపొందించింది. హమీద్ స్వయంగా కేంబ్రిడ్జ్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్.డీ. చేసినవారు. ఎవరికి ఉపయోగమంటే, మందు కొనలేని రోగికి.

గుంటూరుకు చెందిన రామారావు పుణె వెళ్లి, రంగుల రసాయన శాస్త్రంలో దిట్ట అయిన ఆచార్య కె. వెంకటరామన్ వద్ద పరిశోధన చేశారు. మీ అమ్మాయి కూడా సంస్థ పేరుకన్నా ముందు గురువు పనిని చూడాలి. ఆయన ఇటీవలి పరిశోధన పత్రాలు మూడైనా చదవాలి. “మీ కీర్తి విన్నాను” అనే లేఖ అందరూ రాస్తారు. ఏ పత్రంలోని ఏ చర్య తనను ఆలోచింపజేసిందో, ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో తన చేతులతో ఏమి చేసిందో, ఎక్కడ విఫలమైందో ఒక పుటలో రాయాలి. ఆయన వద్ద పనిచేస్తున్న విద్యార్థులతోనూ మాట్లాడాలి.

ఇక ఖర్చు సంగతి. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది. కనుక సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షయే ప్రధాన ద్వారం. జేఆర్ఎఫ్ లభిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు ఇస్తారు. జేఆర్ఎఫ్ వయోపరిమితిలో స్త్రీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. అంటే ఈ చదువు తండ్రిపై భారం కానవసరం లేదు.

వివాహ ప్రస్తావన వచ్చినప్పుడు ఈ చదువు విషయం ముందే చెప్పండి; దాచి తరువాత బాధపడడం ఇరువైపులా అన్యాయమే. పరీక్ష ముగిసేవరకు ఉదయపు రెండు గంటలు ఇంటిపని నుండి ఆమెను విడిచిపెట్టండి. తల్లిగా ఇప్పుడు మీరు ఇవ్వగల సహాయం అదే.