కొత్త ఉపాధ్యాయులకు ఓనమాలు

ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి ప్రకటించిన ఖాళీలు 16,347. ఇన్ని వేలమంది కొత్తవారు బడిలో అడుగుపెట్టే వేళ వారికిచ్చే ప్రవేశశిక్షణ ఎట్లుండాలన్నది ఆలోచింపదగిన విషయం.

మన శిక్షణలలో ఒక వైచిత్రి ఉన్నది. పిల్లలకు ఉపన్యాసాలు పనికిరావు, కృత్యాల ద్వారా బోధించాలి అని గంటన్నరసేపు ఉపన్యసిస్తారు! తెరమీద స్లయిడ్లు మారుతుంటాయి. సెలవు నియమాలు, యాప్‌లు, రికార్డులు అన్నీ ఒకే గొంతుతో సాగిపోతాయి. మర్నాటికి గుర్తుండేది మధ్యాహ్నం పెట్టిన పులిహోర ఒక్కటే.

మన పెద్దలు అక్షరాభ్యాసం ఎట్లు చేయించారో చూడండి. పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకొని దిద్దిస్తారు. ఆనాడు అక్షరమాలంతా వల్లించరు. 'ఓం నమః' అన్నదే ఓనమాలయింది. చేయి పట్టించి చేయించడమే అందులోని కిటుకు.

సర్వీసు రిజిస్టరునే తీసుకోండి. అందులో ఎక్కిన పుట్టినతేదీని బట్టే పదవీవిరమణ తేదీ. తప్పు పడితే దిద్దించుకోవడం బ్రహ్మప్రళయం. దీనిమీద ప్రసంగం ఎందుకు? తప్పులున్న నమూనా పుట ఒకటి చేతికిచ్చి, పట్టుకొమ్మంటే చాలదా?

అంతకన్న ముఖ్యం, ఒక్కరోజైనా వారిని ఏకోపాధ్యాయ పాఠశాలలో పిల్లలతోపాటు చాపమీద కూర్చోబెట్టడం. మూడవ తరగతికి గుణకారాలిచ్చి, ఒకటవ తరగతి పిల్లవాడి పలక దిద్ది, నడుమ మధ్యాహ్న భోజనానికి బియ్యం కొలిపించే ఆ పంతులమ్మను చూసినవారు ఆమెను మరచిపోరు. సాయంకాలం ఆమెను ప్రశ్నలడగనివ్వాలి. ఇందరిని బడులకు పంపడం సాధ్యమా అంటారు. మండలాలవారీగా పంచితే ఒక్కొక్క బడికి ఇద్దరు ముగ్గురికి మించరు. హాలులో అయితే హాజరు లెక్క తేలిక. అసలు కారణం అదేనేమోనని నా అనుమానం.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనను నిషేధించింది. ఆ సంగతి స్లయిడ్ చెబుతుంది. బెత్తం లేకుండా నలభైమంది అల్లరిని ఎట్లు అణచాలో చెప్పదు. ఆ ఉపాయం తెలియక మొదటివారంలోనే అరవడం మరిగినవారు ముప్పయ్యేళ్ళూ అరుస్తూనే ఉంటారు, వినవలసినది పిల్లలు. గొంతు తగ్గించి తరగతిని నిలుపగల అయ్యవార్లు, పంతులమ్మలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఈ శిక్షణలకు ముందుగా పిలువవలసినది వారిని.