కనిపెట్టుటయు కాపలాయు

బెజవాడనుండి బందరునకు పోవు త్రోవలో కంకిపాడు కలదు. కృష్ణ కాలువలనీటితో పండు పొలముల నడుమనున్న ఆ ప్రాంతమునుండి అమెరికా మొదలగు దేశములకు పోయిన యువకులు పెక్కుమంది. ఇండ్లలో తల్లిదండ్రులు మిగిలిరి. రాత్రివేళ స్నానాలగదిలో వారు కాలుజారి పడినచో లేవదీయువారు ఉండరు. ఈ భయము వట్టిది కాదు. ముదిమిలో తుంటియెముక విరిగినచో తిరిగి నడక వచ్చుట కష్టము. గంటలకొలది నేలపై పడియుండుట మరింత అపాయము. కావుననే పిల్లలు ఇంటిగోడలకు కెమేరాలు పెట్టించుచున్నారు.

అయితే ఆ కెమేరా, మనిషి పడినప్పుడు మాత్రమే చూచునది కాదు. తల్లి చీరె సవరించుకొనుటను చూచును. చాలవానికి చెవులును కలవు. పొరుగింటామెతో చెప్పుకొన్న కష్టసుఖములు వినును. చక్కెరవ్యాధిగల తండ్రి పండుగనాడు ఒక బూరె నోట వేసికొన్నచో సముద్రముల కావలినుండి ఫోను మ్రోగును: “నాన్నా, తీపి వద్దన్నాను గదా!” అది ప్రేమతో అన్నమాటయే. కాని జీవితమంతయు ఇంటికి పెద్దయై మెలగినవానికి ఆ మాట ఎట్లుండును? ఆ కంటిక్రిందనే పనిచేయు పనిమనిషిని ఒక్కమాట అడిగినవారు అరుదు.

చిత్రములు ఇంటిలోనే నిలువవు. పెక్కు కెమేరాలు వానిని ఇంటర్నెట్టుద్వారా కంపెనీల కంప్యూటర్లకు పంపును. పాస్‌వర్డు సులువైనదైనచో పరాయివారును చూడగలరు.

2012లో ఆధార్ విషయమై సుప్రీంకోర్టు నాశ్రయించిన కె.ఎస్. పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. అప్పటికే ఆయన ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడు. ఆ వ్యాజ్యమున 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు, గోప్యత ప్రాథమికహక్కే యని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. కాని కన్నబిడ్డలపై కోర్టుకెక్కు తల్లి యుండునా? ఇంటిలో ఆ హక్కును బిడ్డలే తెలిసి కాపాడవలెను.

అందుకు మార్గములు లేకపోలేదు. పడినప్పుడు కబురుచేయు చేతిగడియారములున్నవి. మెడలో వ్రేలాడు మీటను నొక్కి తామే పిలువవచ్చును. తలుపు తెరచినది లేనిది తెలుపు పరికరములు చిత్రము తీయవు. గడియారము ప్రతి పాటును పసిగట్టలేదు, నిజమే. స్పృహ తప్పినవారు మీట నొక్కలేరు. కాని కెమేరా మాత్రము లేవదీయునా? పొరుగింట ఒక తాళపుచెవి ఇచ్చియుంచుట వీనికన్న ముందు చేయవలసిన పని. ఇన్నియు చాలక కెమేరాయే కావలెనన్నచో ఏ గదిలో పెట్టవలెనో, ఎవరు చూడవలెనో ఆ ఇంటివారే చెప్పవలెను. దానిని ఆపు మీట వారి చేతికందవలెను. తల్లి “వద్దు నాయనా” అన్నచో కొడుకు ఆ మాటను బెంగగా, చాదస్తముగా కొట్టివేయరాదు.

మతిమరపు ముదిరినవారి విషయము కఠినమైనది. ఇల్లు విడిచి కాలువగట్టు పట్టిపోవువానిని కనిపెట్టక తప్పదు. అట్టివారిని తెలివియున్ననాడే అడిగి, వారి కోరికను వ్రాసియుంచుట మేలు. ఆ సమయము దాటినచో వీధితలుపున పరికరముంచవచ్చును; పడకగదికి, స్నానాలగదికి కన్ను పెట్టరాదు.