కౌన్సెలింగ్ గదిలో అడగని ప్రశ్న

న్యూఢిల్లీ: ఉత్తరాదిన రైలు ప్రయాణం చేసినవారికి పట్టాల పక్క గోడలపై పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన 'గుప్తరోగ' చికిత్సల ప్రకటనలు సుపరిచితమే. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామంటూ మందులకు ప్రచారం చేయడాన్ని పార్లమెంటు 1954లోనే నిషేధించింది. ఆ చట్టం నేటికీ అమలులో వున్నది. గోడమీది రాతలూ వున్నాయి. చట్టం అమలులోని అలసత్వం ఒక ఎత్తు కాగా, శిక్షణ పొందిన వైద్యులు, మానసిక చికిత్సకులు ఈ విషయం ఎత్తకపోవడం వల్లనే ఆ గోడలకు గిరాకీ నిలిచివున్నదన్న వాస్తవం మరొక ఎత్తు.

ఈ అంశం ఇప్పుడు చర్చకు రావడానికి కారణం వున్నది. మన దేశంలో మానసిక వైద్యులు వైద్య మండలి పరిధిలోను, క్లినికల్ సైకాలజిస్టులు 1992 నాటి పునరావాస మండలి చట్టం పరిధిలోను వుండగా, మిగిలిన కౌన్సెలర్లకు ఇటీవలి వరకు నియంత్రణ అంటూ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వారిని తొలిసారిగా ఒక జాతీయ కమిషన్ పరిధిలోకి తెచ్చింది. కనీస ప్రమాణాలను, పాఠ్యప్రణాళికలను నిర్ణయించే అధికారం ఆ కమిషన్‌కు దక్కింది. ఈ చట్టం కారణంగానే మనస్తత్వ శాస్త్రాన్ని దూరవిద్యలో బోధించరాదని యూజీసీ 2025లో విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. లైంగిక సమస్యలపై మాట్లాడడం ప్రతి కౌన్సెలర్ తప్పనిసరిగా నేర్వవలసిన పాఠమా, లేక ఇష్టమైనవారు చదువుకునే అదనపు విషయమా అన్నది తేలవలసింది ఈ దశలోనే.

సమస్య చిన్నదేమీ కాదు. మైసూరు జిల్లాలోని ఒక గ్రామంలో మానసిక వైద్యులు జరిపి 2015లో ప్రచురించిన సర్వేలో పురుషుల్లో సుమారు 21 శాతం మందికి, స్త్రీలలో 14 శాతం మందికి ఏదో ఒక లైంగిక రుగ్మత వున్నట్టు తేలింది. ఒక్క గ్రామపు లెక్కను దేశమంతటికీ అన్వయించలేము. అయినా దేశంలో మధుమేహ పీడితులు 10 కోట్లు దాటినట్టు 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసిన సంగతిని, మధుమేహం అంగస్తంభన లోపానికి దారితీసే ముఖ్య కారణాలలో ఒకటన్న సంగతిని కలిపి చూస్తే పరిస్థితి కొంత అర్థమవుతుంది. కుంగుబాటుకు ఇచ్చే మందులలో కొన్ని లైంగిక వాంఛను తగ్గిస్తాయి. రోగి ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి మందు మానేస్తాడు. కుంగుబాటు తిరగబెడుతుంది. మందు పనిచేయలేదని వైద్యుడు అనుకుంటాడు.

'ధాతునష్టం' సంగతి చూడండి. వీర్యం పోతే సత్తువ పోతుందన్న భయంతో యువకులు నీరసం, నిద్రలేమి, ఒళ్లునొప్పులంటూ వైద్యుల వద్దకు రావడాన్ని ప్రముఖ మానసిక వైద్యులు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్'గా గుర్తించారు. శ్రీలంక, పాకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్‌లలోనూ ఈ భయం వున్నది. శిక్షణ లేని కౌన్సెలర్ ఆ యువకుని 'అవన్నీ అపోహలు' అని ఒక్క మాటతో పంపివేస్తారు. అది నిజమే అయినా అతనికి అక్కరకు రాదు. తన భయాన్ని ఎవరూ వినలేదన్న భావంతో అతను బయటికి వస్తాడు. గోడమీది చిరునామాలో వినేవారు వుంటారు, ధర చెల్లిస్తే.

శిక్షణ ఎలా వుండాలన్న విషయంలో ప్రపంచం అర్ధశతాబ్దం క్రితమే ఒక అవగాహనకు వచ్చింది. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్‌ల పరిశోధన 1970లో పుస్తకరూపంలో రాగా, ఆరోగ్య సిబ్బందికి లైంగిక విషయాలలో శిక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో ఒక సాంకేతిక నివేదిక ప్రచురించింది. 1976లో జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త ప్రతిపాదించిన నాలుగు మెట్ల పద్ధతి ఇప్పటికీ పాఠాలలో వున్నది. మాట్లాడవచ్చునన్న అనుమతి ఇవ్వడం మొదటి మెట్టు. అవసరమైన మేరకు సమాచారం చెప్పడం రెండవది. ఆపై నిర్దిష్టమైన సూచనలు, చివరగా నిపుణుల చికిత్స. మొదటి రెండు మెట్లకు నిపుణుడు అక్కరలేదు. చాలామంది కష్టం అక్కడే తీరుతుందన్నది ఈ పద్ధతి సారాంశం. కౌన్సెలర్ చేయవలసిందల్లా ఆహారం, నిద్ర గురించి అడిగినంత మామూలుగా దాంపత్యం గురించీ అడగడం. చెప్పినప్పుడు ముఖం చిట్లించకపోవడం, కుతూహలం చూపకపోవడం కూడా అందులో భాగమే. ఇవి పుస్తకం చదివి వచ్చేవి కావు. తోటివారి ఎదుట అభ్యాసం చేసి, తన సొంత సంకోచాలను తడిమి చూసుకుని నేర్వవలసినవి.

మన భాషలలో మరొక చిక్కు వున్నది. ఆంగ్లంలో వచ్చే వార్తలను తెలుగు చేసే మాకు అది నిత్యానుభవం. 'శీఘ్రస్ఖలనం', 'యోనిసంకోచం' వంటి సంస్కృత పదాలు అచ్చులో మర్యాదగానే వుంటాయి. బాధపడేవారికి అవి అర్థం కావు. వారికి తెలిసిన మాటలు బూతులుగా చలామణి అవుతున్నాయి. ఈ రెంటికీ మధ్య వాడదగిన మాటలను ఇంతకాలం సమకూర్చింది విశ్వవిద్యాలయాలు కావు, పత్రికల ప్రశ్నోత్తరాల శీర్షికలు. ముంబయిలో డాక్టర్ మహీందర్ వత్స (2020లో 96వ ఏట కన్నుమూశారు), తెలుగులో డాక్టర్ సమరం చేసినది ఆ పనే. వేలాది మంది ముఖాముఖి అడగలేనిది ఉత్తరంలో అడిగారు.

అయితే ఇటువంటి శిక్షణ ఈ దేశానికి కొత్త కాదు. 1986లో మద్రాసులో తొలి హెచ్ఐవి కేసులు బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆనాడు వ్యాధి ఉధృతంగా వున్న ఆరు రాష్ట్రాలలో ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రులలో నెలకొల్పిన పరీక్షా కేంద్రాలలో మన జిల్లాల నుంచి వచ్చిన మామూలు పట్టభద్రులే, స్త్రీలతో సహా, కౌన్సెలర్లుగా చేరి ఎవరితో సంబంధాలు వున్నాయో అడగడం, నమూనా పెట్టుకుని కండోము వాడకం చూపడం నేర్చుకున్నారు. భయం తరిమితే ప్రభుత్వం ఈ పని చేయించగలిగింది. కాని అక్కడ ప్రశ్న వ్యాధి వరకే. భర్త తాకితే భయపడే భార్య గురించి అడిగే గడి ఆ ఫారంలో లేదు.

ఆ గడి లేకపోవడం వల్ల కొన్ని కాపురాలు కోర్టు దాకా పోతున్నాయి. నపుంసకత్వం కారణంగా దాంపత్యం జరగని పెళ్లిని రద్దు చేయడానికి 1955 హిందూ వివాహ చట్టం వీలు కల్పిస్తున్నది. మొదటి రాత్రి కంగారుతో విఫలమైన యువకునికి, నొప్పికి బిగుసుకుపోయే యువతికి చికిత్స వున్నది. వీటిలో చాలావరకు నయమయ్యేవే. కాని విషయం ముందు పెద్దల పంచాయితీకి, ఆపైన వకీలుకు చేరుతుంది. 1984 చట్టం కింద కుటుంబ న్యాయస్థానాలకు కౌన్సెలర్లు వున్నారు. వారు కట్నం, అత్తమామలు, వేరు కాపురం గురించి అడిగి రాజీకి ప్రయత్నించి, పడకగది గురించి అడగకపోతే ఆ రాజీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

శిక్షణ లోపం ప్రశ్న అడగకపోవడంతో ఆగదు, తప్పుడు చికిత్సకూ దారితీస్తుంది. స్వలింగాసక్తి కలవారిని 'మారుస్తామనే' వైద్యం అటువంటిది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, తల్లిదండ్రుల నుంచి రక్షణ కోరిన ఇద్దరు యువతుల కేసులో, ఈ విషయంపై తనకు అవగాహన చాలదని ఒప్పుకుని, స్వయంగా మనస్తత్వవేత్త వద్ద కూర్చుని తెలుసుకున్న తరువాతే ఉత్తర్వు వెలువరించారు. అటువంటి వైద్యం కూడదన్నారు. తదనంతరం 2022లో జాతీయ వైద్య కమిషన్ దానిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఇంతా చేసి అదే కమిషన్ 2024లో వైద్య విద్యార్థుల పాఠ్యాంశాలలో స్త్రీల స్వలింగ సంబంధాలను మళ్లీ అసహజ నేరాల జాబితాలో చేర్చింది. విమర్శలు రావడంతో కొద్ది రోజులకే వెనక్కు తీసుకున్నది. న్యాయమూర్తి చదువుకున్నారు, పాఠం రాసేవారు చదువుకోలేదనుకోవాలి.

కౌన్సెలర్ల సంకోచానికి చట్టం కూడా కొంత కారణం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారి లైంగిక సంబంధం దృష్టికి వస్తే పోలీసులకు తెలపాలి. తెలపకపోవడం శిక్షార్హం. అత్యాచారాలను కప్పిపుచ్చకుండా చేసిన ఈ నిబంధన అవసరమైనదే. అయితే 17 ఏళ్ల అమ్మాయి తన ఇష్టపూర్వకమైన ప్రేమ వ్యవహారం చెప్పబోతుంటే, వినడమా, వద్దని వారించడమా అన్నది కౌన్సెలర్‌కు సంకటమే. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు పేరును నివేదికలో వెల్లడించనక్కరలేదని 2022లో సుప్రీంకోర్టు వైద్యులకు వెసులుబాటు ఇచ్చింది. కౌన్సెలింగ్ గది ఆ కేసులో ప్రస్తావనకు రాలేదు. గోప్యతకు హద్దు ఎక్కడో మాట మొదలుకాక ముందే చెప్పడం శిక్షణలో నేర్పవలసిన విషయం. అధికారం చేతిలో వున్న చికిత్సకులు ఆ చనువును దుర్వినియోగం చేయకుండా కట్టడి చేయడమూ అంతే ముఖ్యం.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం 'టెలిమానస్' పేరిట మానసిక సహాయ ఫోను సేవను ప్రారంభించింది. 14416కు ఎవరైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా 20 భాషలలో జవాబు లభిస్తుంది. అవతల వున్నవారికి మన ముఖం కనిపించదు కనుక ఎదురుగా అడగలేనిది ఇక్కడ అడగడం సులువు. నిద్ర పట్టడం లేదని మొదలుపెట్టి, కాసేపు తటపటాయించి, 'ఇంకొక సంగతి' అని గొంతు తగ్గించేవారికి అవతలి నుంచి ఏ మాట వినిపిస్తుందన్నది ఆ ఫోను ఎత్తినవారికి ఏమి నేర్పి కూర్చోబెట్టారన్న దానిపైనే ఆధారపడి వుంటుంది.