రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే షాకబ్జార్బర్లా?

వారమంతా 44వ నంబరు జాతీయ రహదారి మీద బాల్కొండ నుంచి ఆర్మూర్‌కి తిరిగే కారు. ఏడాదికి ఒకట్రెండుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల రేస్‌ట్రాక్ మీదా పరుగెత్తించాలని సరదా. అలాంటి కారుకి ఏ షాకబ్జార్బర్లు వేయించాలి?

కారు బరువు మోసేది స్ప్రింగులు. వాటి ఊగిసలాటను అదుపు చేసేవి షాకబ్జార్బర్లు. లోపలి వాల్వుల గుండా నూనె కదులుతూ ఆ ఊపును వేడిగా మారుస్తుంది. ట్రాక్ మీద ఈ వేడి బాగా పెరుగుతుంది. మామూలు ట్విన్ ట్యూబ్ రకమైతే నూనె నురగెత్తి పట్టు తగ్గొచ్చు. మోనోట్యూబ్‌లో గ్యాసు, నూనె వేర్వేరుగా ఉంటాయి. వేడీ తొందరగా బయటికి పోతుంది.

అలాగని మరీ బిరుసైనవి కొనేయకూడదు. గతుకుల్లో టైరు నేలను వదిలేస్తుంది. గాల్లో లేచిన టైరుకి బ్రేకు పట్టదు, స్టీరింగ్ మాట వినదు. వెనక సీట్లో పిల్లలు, ఎదురుగా పసుపు బస్తాలతో మలుపు తిరుగుతున్న ట్రాక్టరు ఉంటే... అసలు పరీక్ష అదే!

అందుకే కారు ఎత్తు తగ్గించకుండా, కంపెనీ స్ప్రింగులకు సరిపోయేలా, బిగువు సవరించుకునే రకం మేలు. ట్రాక్‌కి బిగించుకుని, తిరుగు ప్రయాణానికి వదులు చేసుకోవచ్చు. మార్చేటప్పుడు ముందువైతే ముందు రెండూ, వెనకవైతే వెనక రెండూ కలిపే మార్చాలి. ఆపైన వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

పాతవాటి నుంచి నూనె కారుతోందా? టైరు ఎత్తుపల్లాలుగా అరిగిందా? అయితే ట్రాక్ ముచ్చట వరకూ ఆగొద్దు. ఈ వారమే మెకానిక్‌కి చూపించండి.